మెక్‌ఫర్సన్ నివేదిక: ఆరో అధ్యాయం కోసమైనా చదవాలి

1993లో లండన్‌లోని ఎల్తామ్‌లో హత్యకు గురైన నల్లజాతి యువకుడు స్టీఫెన్ లారెన్స్ కేసులో పోలీసు దర్యాప్తును పరిశీలించి, విశ్రాంత న్యాయమూర్తి విలియం మెక్‌ఫర్సన్ 1999లో వెలువరించిన ఈ నివేదిక బ్రిటిష్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. రంగు, సంస్కృతి, జాతి మూలాల కారణంగా ప్రజలకు తగిన సేవ అందించడంలో సంస్థ సమష్టిగా విఫలం కావడమే వ్యవస్థాగత జాతివివక్ష అని, దానికి ఉద్దేశపూర్వక ద్వేషమే అక్కర్లేదని, తెలియకుండా పాతుకుపోయిన దురభిప్రాయాలూ ఆలోచనారాహిత్యమూ చాలునని ఆరో అధ్యాయం ఎంతో స్పష్టంగా వివరిస్తుంది. నన్ను ఎక్కువగా కలచివేసినవి మాత్రం ఆ రాత్రి వివరాలే: ముందుగా చేరుకున్న పోలీసులు నేలపై పడివున్న స్టీఫెన్‌కు ప్రథమచికిత్స చేయలేదు, దాడి నుంచి బయటపడిన అతని స్నేహితుణ్ణి బాధితుడిగా చూడలేదు. చివరనున్న 70 సిఫార్సులు కాస్త పొడిగా సాగుతాయి. బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువారికి దీన్ని గట్టిగా సిఫార్సు చేస్తాను.