మొరం గ్రౌండులో ఆడే ఆడపిల్లకు ఫుట్‌బాల్ బూట్లు: నాలుగు నెలలు వాడాక

నేను నల్గొండలో జాకెట్లు కుడతాను. ప్రకాశం బజార్ పక్క సందులో చిన్న షాపు, రెండు మిషన్లు. బూట్ల గురించి నేను రాయడమేందని నవ్వకండి. ఇరవై ఏళ్ళుగా కొలతల మీదే బతుకుతున్నదాన్ని, అయినా కన్నబిడ్డ కాలి కొలత దగ్గర బొక్కబోర్లా పడ్డాను. ఆ పడ్డ సంగతి ముందు రాస్తాను, బాగున్న బూట్ల సంగతి తర్వాత.

మా పాప ఎనిమిదో తరగతి. స్కూలు టీములో కుడివైపు వింగ్. గీత పట్టుకుని ఉరకడం, గభాలున ఆగడం, లోపలికి మళ్ళడం, మళ్ళీ ఉరకడం. నిరుటి దాకా స్కూలు యూనిఫాం మీదికి కొన్న తెల్ల క్యాన్వాస్ బూట్లతోనే ఆడింది. ఈ ఏడు మాత్రం "అసలు బూట్లు" కావాలని పట్టు పట్టింది.

దీనికంతటికీ కారణం ఫుట్‌బాల్ ఆడే గుగులోత్ సౌమ్య. మా ఇంట్లో ఆ పేరు రోజుకు నాలుగుసార్లు వినపడుతుంది, అదీ మా చుట్టాలమ్మాయి అయినట్టు "సౌమ్యక్క" అని. నిజామాబాద్ జిల్లాలో తండా నుంచి వచ్చిన పిల్ల. గోకులం కేరళ క్లబ్బుకు ఆడింది. 2022లో జ్యోతి చౌహాన్ అనే ఇంకో అమ్మాయితో కలిసి క్రొయేషియా పోయి, జాగ్రెబ్‌లో డైనమో క్లబ్బుకు ఆడింది. క్రొయేషియా ఎక్కడుందో మా పాపే మ్యాపులో చూపించింది, ఇటలీకి సముద్రం అవతల. తిరిగొచ్చాక ఈస్ట్ బెంగాల్‌కు ఆడితే ఆ టీము 2024-25లో దేశంలోని మహిళల ఫుట్‌బాల్ లీగ్ గెలిచింది, అదే ఏడాదికి దేశంలో ఉత్తమ ఫుట్‌బాల్ క్రీడాకారిణి అవార్డు సౌమ్యకు వచ్చింది. ఇవన్నీ నేను పేపర్లు చూసి రాస్తున్నవి కావు. చేతికుట్టు వేస్తూ వేస్తూ చెవిన పడ్డవే.

2025 జులై 5న మన ఆడవాళ్ళ జట్టుకు థాయ్‌లాండ్‌తో మ్యాచ్. ఆషాఢం కదా, పెళ్ళి జాకెట్లు లేవు, షాపులో గిరాకీ పల్చగా ఉంది. పాప నా పక్కన స్టూలు మీద కూర్చుని ఫోన్లో స్కోరు చూస్తూ గోళ్ళు కొరుకుతోంది. థాయ్‌లాండ్ అంటే 2015లో, 2019లో ఆడవాళ్ళ ప్రపంచ కప్పు ఆడిన జట్టు, పోయింది వాళ్ళ ఊరికే, చియాంగ్ మాయ్‌కి. మనవాళ్ళు 2-1తో గెలిచారు, రెండు గోల్సూ సంగీతా బస్ఫోర్‌వే. క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు గెలిచి మన ఆడవాళ్ళు ఆసియా కప్పుకు పోవడం ఇదే మొదటిసారట. ఆ కప్పు 2026 మార్చిలో, ఆస్ట్రేలియాలో. ఆ సంబరంలో నోరుజారి "సరే, బూట్లు కొంటా" అన్నాను.

ఆన్‌లైన్‌లో 1,349 పెట్టి కొన్నాను. కంపెనీ పేరు రాయను, తప్పులో సగం నాదే. అడుగున స్టడ్లు, అంటే నేలను పట్టే గట్టి ప్లాస్టిక్ మొనలు, పైన మెరిసే గులాబీ రంగు, టీవీలో వాళ్ళు వేసుకునేవాటిలాగే ఉన్నాయి. పాప ఆ రాత్రి డబ్బా తలగడ పక్కన పెట్టుకుని పడుకుంది.

ఇక నా తప్పు. కాలు నాలుగో నంబరు. నేను ఐదు తెప్పించాను. పెరిగే పిల్ల కదా, ఏడాది వస్తాయనుకున్నాను. నా పనిలో అదే అలవాటు: పదమూడేళ్ళ పిల్లకు లంగా జాకెట్టు కుడితే లోపల అంగుళం గుడ్డ వదిలి కుడతాం, రేపు కుట్టు విప్పి వదులు చేయొచ్చు. పైకి ఆ గుడ్డ కనపడదు, ఒంటి మీద జాకెట్టు ఇవాళ్టి కొలతకే ఉంటుంది. బూటుకు అట్లా లోపల వదిలేదేమీ లేదు. వదిలిందంతా కాలి చుట్టే ఉంటుంది.

మూడో రోజు సాయంత్రం పాప కుంటుకుంటూ వచ్చింది. "ఏమైంది బిడ్డా?" అంటే "ఏం లేదమ్మా" అని నేరుగా బాత్రూంలోకి పోయింది. వెళ్ళి చూస్తే నల్లా కింద మడమ పెట్టి సాక్సు తడుపుతోంది. అతుక్కుపోయింది, రావడం లేదు. మెల్లగా తీశాను. రెండు మడమల మీదా రూపాయి బిళ్ళంత తోలు లేచి పచ్చిగా ఉంది. చిన్నది కాబట్టి ఏడుస్తుందనుకున్నాను. "బూట్లు వాపసు పంపుతావా?" అని అడిగింది, దానికి అదే టెన్షన్.

వాపసు పంపడం కుదరలేదు. మట్టి అంటిందని తీసుకోలేదు, అదీ న్యాయమే. లోపల కొత్త సోల్ వేశాను, రెండు జతల సాక్సులు వేయించాను, లేసులు బిగించి కట్టాను. అయినా మడమ లోపల పైకీ కిందికీ ఆడుతూనే ఉంది. అప్పుడు తలకెక్కింది. భుజం జారే జాకెట్టుకు వీపు తాళ్ళు ఎంత బిగించినా భుజం జారుతూనే ఉంటుంది. లేసులు బిగించడం కూడా అంతే, పైన పాదం నొక్కుకుపోతుంది, వెనక మడమ మాత్రం వదులే.

స్టడ్ల సంగతి పీఈటీ సార్ చెప్పారు. అవి గడ్డి గ్రౌండుకు చేసినవి, నేలలోకి దిగితేనే వాటి పని. మన గ్రౌండ్లు మొరం తోలి రోలర్ కొట్టినవి, ఎండకు సిమెంటులా అయినవి. అక్కడ స్టడ్ దిగదు. మనిషి బరువంతా పది పన్నెండు మొనల మీద నిలబడుతుంది, అరికాలు మండుతుంది, పక్కకు తిరిగితే చీలమండ మడత పడుతుంది. "జాగ్రెబ్‌లో వేసుకునేది ఎన్జీ కాలేజీ గ్రౌండులో వేసుకుంటే ఎట్లమ్మా" అని పాపను ఆటపట్టించారు. పాపకు కోపం వచ్చింది గానీ, మాట నిజమే. అక్కడ తడి, గడ్డి, చలి. ఇక్కడ మొరం. మనకు టర్ఫ్ బూట్లని దొరుకుతాయి, అడుగున చిన్న చిన్న రబ్బరు బుడిపెలుంటాయి, అవి తీసుకోమన్నారు.

ఈసారి ఆన్‌లైన్ జోలికి పోలేదు. క్లాక్ టవర్ దగ్గర మెట్లెక్కి పోయే స్పోర్ట్స్ షాపు ఒకటుంది, కింద మొబైల్ షాపు, పైన ఇది. బయటికి క్రికెట్ బ్యాట్లే కనపడతాయి, బూట్లు లోపలి గదిలో. ఇంట్లోనే పాపను గోడకు మడమ ఆనించి అట్ట మీద నిలబెట్టి, పెన్సిల్‌తో గీసి, నా టేపుతో కొలిచాను. పొడవు 22.6 సెంటీమీటర్లు. వేళ్ళ దగ్గర వెడల్పు బాగానే ఉంది, మడమ మాత్రం సన్నం. సాయంత్రం కొలవండి, పొద్దంతా నడిచాక కాలు కొంచెం ఉబ్బుతుంది. అట్ట కత్తిరించి తీసుకుపోతే షాపాయన నవ్వలేదు. అట్టను బూటులో పెట్టి చూశాడు. నాలుగో నంబరే తీశాడు. నాకు పాత అలవాటు పోక "కొంచెం పెద్దది చూడన్నా" అని నోటిదాకా వచ్చింది. ఆయనే "పెద్దది ఇయ్యనక్కా, బొటనవేలి ముందర సగం వేలు సందు చాలు" అన్నాడు. అమ్మేవాడు వద్దనడం చాలా రోజుల తర్వాత విన్నాను.

ఇక బూట్లు. జలంధర్‌లో తయారైనవి, 1,150 రూపాయలు, నలుపు. మెరుపులేమీ లేవు, పాప మొదట మొహం ముడుచుకుంది. నేను కుట్టు చూశాను. మొదటి జతలో అడుగు భాగం గమ్ముతో అంటించి ఊరుకున్నారు, కుట్టు ఉన్నట్టు గీతలు అచ్చు పోశారు. దూరం నుంచి చూస్తే కుట్టే అనుకుంటాం, గోరు పెడితే తెలిసింది. వీటికి ముందు భాగం చుట్టూ నిజం కుట్టు ఉంది, మందపు నైలాన్ దారం, అంగుళానికి ఐదు పడ్డాయి, ఎక్కడా తప్పలేదు. బుడిపెలు ఒక్కో బూటుకు 74. లెక్కపెట్టాను, గిరాకీ లేని మధ్యాహ్నం.

నాలుగు నెలలైంది, వారానికి ఐదు రోజుల ఆట. మడమ పుండు మళ్ళీ రాలేదు. కుట్టు గట్టిగా ఉంది. కుడి బూటు లోపలి అంచున, బంతి తగిలే చోట, పై పొర లేస్తోంది. బొటనవేలి కింద బుడిపెలు సగం అరిగాయి, అది మొరం పని. లోపలి సోల్ మాత్రం పనికిరాదు, నెలకే అప్పడంలా అణిగిపోయింది, 120 పెట్టి వేరేది వేశాను. లేసులు మరీ పొడుగు, రెండు చుట్లు తిప్పి కట్టాల్సి వస్తుంది. వానలో తడిస్తే రెండు రోజులు ఆరవు. లోపల న్యూస్‌పేపర్ కుక్కి ఫ్యాను కింద పెట్టండి, ఎండలో పెడితే గమ్ము వదులుతుంది.

ఒక్క విషయం దగ్గర మాత్రం వీటికీ మార్కులు వేయలేను. డబ్బా మీద "యూనిసెక్స్" అని ఉంది. యూనిసెక్స్ అంటే నాకు అర్థమైంది ఇదీ: మగపిల్లల కాలుకు చేసి, చిన్న నంబరు ఆడపిల్లలకు అమ్మడం. మగవాళ్ళ షర్టును పొట్టిగా కత్తిరించి జాకెట్టని ఇస్తే నా గిరాకీలు నా మొహాన కొడతారు. ఎక్కడ డాట్లు (ఒంటికి అతికేలా వేసే మడత కుట్లు) వేయాలి, ఎక్కడ లోపలికి తీయాలి అన్నదే కదా మా పనంతా. పాప మడమ ఇందులోనూ కొంచెం వదులే, పుండు పడేంత కాదు. మడమ వెనక లోపలి వైపు నేనే పాత బ్యాగు నుంచి తీసిన మెత్తటి స్పాంజీ ముక్క గుడ్డలో పెట్టి కుట్టాను. అది కుట్టాకే సరిగ్గా కూర్చుంది.

ఈ గోస మన ఒక్కళ్ళది కూడా కాదు. 2023లో యూరప్ క్లబ్బుల సంఘం అక్కడి పెద్ద క్లబ్బుల్లో ఆడే ఆడవాళ్ళను అడిగితే, నూటికి 82 మంది బూట్లతో ఇబ్బందో నొప్పో ఉందన్నారు. జీతాలు తీసుకుని ఆడేవాళ్ళ కాళ్ళ సంగతే అది. ఆ ఏడు ప్రపంచ కప్పు ముందు నైకీ వాళ్ళు ఆడవాళ్ళ కాలును చూసి చేశామని ఫాంటమ్ లూనా అని ఒకటి తెచ్చారు. అది నల్గొండ మెట్లెక్కి ఎప్పుడొస్తుందో చూడాలి, వచ్చినా గడ్డి గ్రౌండుదే అయితే మనకేం లాభం. మణిపూర్ బాలాదేవి కథ కూడా పాపే చెప్పింది. 2020లో స్కాట్లాండ్ రేంజర్స్‌తో సంతకం చేసింది, యూరప్‌లో ప్రొఫెషనల్ కాంట్రాక్టు దొరికిన మొదటి భారతీయ మహిళ. తర్వాత మోకాలి లిగమెంటు దెబ్బతో చాలా కాలం ఆటకు దూరమైంది. ఆమె మోకాలికి బూటే కారణమని నేననడం లేదు, నాకేం తెలుసు. కానీ వింగ్‌లో ఉరికి గభాలున ఆగే పిల్లకు బూటులో కాలు జారుతుంటే, ఆ ఆగడం మోకాలు మీద పడుతుందని మాత్రం నా కళ్ళతో చూశాను.

మొత్తానికి ఐదుకు మూడున్నర చుక్కలు. అర చుక్క షాపాయనకు, పెద్ద నంబరు ఇయ్యనన్నందుకు. కొనాలనుకుంటే పిల్లను వెంట తీసుకుపోండి, ఆడేటప్పుడు వేసుకునే సాక్సులు వేయించి తీసుకుపోండి. షాపులో నాలుగడుగులు నడిస్తే తెలియదు, ఆ మెట్లు దిగి ఎక్కమనండి. దిగేటప్పుడు వేళ్ళు ముందుకు గుద్దుకోకూడదు, ఎక్కేటప్పుడు మడమ లేవకూడదు. మేం అట్లాగే చూశాం, కింద మొబైల్ షాపు వాళ్ళు వింతగా చూశారు. ఆదివారం మధ్యాహ్నం దాకానే తెరుస్తారు.

గులాబీ జత అట్లాగే ఉంది. ముందర నోరు తెరిస్తే బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయనతో 60 రూపాయలిచ్చి చుట్టూ కుట్టించాను. మా పాప కాలు ఐదుకు వచ్చేసరికి దానికి ఆ రంగు నచ్చదు, ఇప్పుడే నచ్చడం లేదు. ఐదో నంబరు కాలున్న పిల్ల, గడ్డి మీద ఆడే పిల్ల ఎవరన్నా ఉంటే షాపుకు వచ్చి తీసుకుపోండి, పైసలొద్దు. మడమ దగ్గర స్పాంజీ కావాలంటే పది నిమిషాలు కూర్చోండి, కుట్టిస్తాను.