బరంపురం బజారులో కొన్న హరికేన్ లాంతరు

బరంపురం పెద్ద బజారులో ఇత్తడి, ఇనప సామాను అమ్మే ఒక పాత దుకాణంలో ఈ వేసవిలో 450 రూపాయలకు హరికేన్ లాంతరు కొన్నాను. ఒడిశాలోని గంజాం జిల్లాలో కాపురం ఉండేవారికి దీని అవసరం వేరే చెప్పనక్కరలేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు ఊరంతా చీకటిలో మునిగింది. 2018లో తిత్లీ పలాస వైపు తీరం దాటినా దాని గాలివానకు మన జిల్లాతో పాటు గజపతి జిల్లా కూడా అతలాకుతలమైంది. ఛార్జింగు దీపాలు మొదటి ఒకటి రెండు రాత్రులు ఆదుకుంటాయి గాని, ఆ తర్వాత వాటికి మళ్ళీ కరెంటే కావాలి. వందేళ్ళ కిందట ఇంటింటికీ చేరిన ఈ వస్తువు ఇప్పుడు తయారవుతున్న తీరులో కొనదగినదేనా అని అడిగేవారికి నా సమాధానం ఒక్కటే: కొనదగినదే, కాని దుకాణంలోనే పరీక్షించి తీసుకోవాలి.

పోల్చి చూడడానికి మా ఇంట్లో తాతగారి నాటి డీట్జ్ లాంతరు ఉంది. 1840లో న్యూయార్క్ ప్రాంతంలో మొదలైన ఆ అమెరికా కంపెనీ ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో ప్రపంచమంతటా లాంతర్లు అమ్మింది. జర్మనీలో తయారైన ఫాయర్‌హాండ్ లాంతర్లు దానికి పోటీగా వచ్చాయి. మన దేశంలో మహారాష్ట్రలోని సతారా జిల్లా ఓగలేవాడిలో 1916లో మొదలైన గాజు కర్మాగారం తర్వాతి కాలంలో ప్రభాకర్ పేరుతో స్వదేశీ లాంతర్లు తయారు చేసింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది కనుక ఇక్కడి వర్తకులు చెన్నపట్నం వైపు చూసేవారు. గోపాలపురం రేవు నుంచి రంగూన్‌కు ఓడల రాకపోకలు కూడా ఉండేవి. ఆ రంగూన్ పక్కనే సిరియంలో శుద్ధి చేసిన బర్మా కిరసనాయిలు మన దేశపు రేవులకు వచ్చేది. నూనె చవకగా దొరకబట్టే లాంతరు సామాన్యుల ఇళ్ళలోకి రాగలిగిందని నా నమ్మకం.

ఈ వస్తువు గొప్పతనమంతా పక్కనున్న రెండు గొట్టాలలో ఉంది. జాన్ ఇర్విన్ అనే అమెరికన్ పందొమ్మిదో శతాబ్దంలో రూపొందించిన పద్ధతి అది. మొదటి రకంలో చిమ్నీ పైకి చేరిన వేడిగాలి కొంత బయటిగాలితో కలిసి ఆ గొట్టాల గుండా మళ్ళీ కిందికి దిగి వత్తికి అందుతుంది. తర్వాత వచ్చిన రెండో రకంలో పొగ పైనుంచి వేరుగా బయటికి పోతుంది, గొట్టాలలోకి తాజా గాలి మాత్రమే దిగుతుంది. తాజా గాలిలో ప్రాణవాయువు ఎక్కువ కనుక రెండో రకం వెలుగు ఎక్కువగా, తెల్లగా ఉంటుంది. గాలి ఎటు నుంచి కొట్టినా వత్తికి నేరుగా తగలకుండా గొట్టాల దారిలోనే వస్తుంది కాబట్టి దీపం ఆరిపోదు. నేను కొన్నది రెండో రకమే. డాబా మీద ఈదురుగాలిలో పెట్టి చూశాను. మంట కొంచెం ఊగింది గాని ఆరలేదు.

అయితే పాతదానికీ కొత్తదానికీ రేకులోనే తేడా తెలిసిపోతుంది. పాత లాంతరు నూనె తొట్టి అంచు మడత గట్టిగా, వరుస తప్పకుండా ఉంది. కొత్తదాని రేకు వేలితో నొక్కితే లోపలికి పోతుంది. నేను మొదట చేతిలోకి తీసుకున్న లాంతరు అడుగున అతుకు దగ్గర తేమ కనిపించింది. దుకాణదారు ఏమీ అనుకోకుండా తొట్టిలో నీళ్ళు పోసి, పాత కాగితం మీద కాసేపు నిలబెట్టి చూపించారు, కాగితం తడిసింది. వెంటనే దాన్ని పక్కన పెట్టి, కారనిదాన్ని వెతికి ఇచ్చారు. ఈ ఒక్క మర్యాదకే ఆ దుకాణానికి మళ్ళీ వెళతాను. చిమ్నీ గాజు పలచన, అక్కడక్కడ బుడగలు కూడా ఉన్నాయి, కాని అంచు సమంగా కూర్చుంది. చూడవలసింది అదే, ఎందుకంటే అంచు కింద సందు ఉంటే గాలి దొంగదారిన లోపలికి వచ్చి మంట పొగచూరుతుంది. చిమ్నీ పైకెత్తే మీట, వత్తి తిప్పే చక్రం కూడా అక్కడే పనిచేయించి చూడండి. చక్రం పళ్ళు వత్తిని పట్టకపోతే ఇంటికి తెచ్చాక చేయగలిగింది ఏమీ లేదు.

నీళ్ళతో పరీక్షించాక తొట్టిని పూర్తిగా ఆరబెట్టిన తర్వాతే నూనె పోయాలి. కొత్త వత్తిని నూనెలో బాగా నానబెట్టి, మూలలు కొంచెం గుండ్రంగా కత్తిరిస్తే మంట కొమ్ములు రాకుండా నిలకడగా ఉంటుంది. వత్తి పైకి పెంచినకొద్దీ వెలుగు పెరుగుతుందనుకోవడం పొరపాటు, పొగే పెరుగుతుంది. పెట్రోలు గాని, పెట్రోలు కలిసిన నూనె గాని ఎట్టి పరిస్థితుల్లోనూ పోయకూడదు, అది ప్రాణాలమీదికి తెస్తుంది. వంటనూనె చిక్కదనం వల్ల ఇంత పొడుగు వత్తి ఎక్కదు. కిరసనాయిలు ముందే తెచ్చి పిల్లలకు అందని చోట దాచుకోవాలి. తుపాను హెచ్చరిక వచ్చాక వెతికితే దొరకదు. తుపానులో కిటికీలన్నీ బిగించుకుంటాం కదా, అలాంటి మూసిన గదిలో లాంతరు వెలుగుతుండగా నిద్రపోకూడదు. విషవాయువు పోగయ్యే ప్రమాదం ఉంది.

వెలుగు విషయంలో ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. అన్నం వడ్డించుకోవడానికి, మెట్లు దిగడానికి, మంచంపట్టిన పెద్దవారిని కనిపెట్టుకుని ఉండడానికి చక్కగా సరిపోతుంది. చిన్న అక్షరాలు చదవాలంటే మాత్రం దీపానికి బాగా దగ్గరగా కూర్చోవాలి. ఒకసారి తొట్టి నింపి సాయంత్రం వెలిగిస్తే తెల్లవారేదాకా నూనె అయిపోలేదు. మసిపట్టిన చిమ్నీని చల్లారాక ముగ్గుపిండి, మెత్తటి గుడ్డతో తుడిస్తే గీతలు పడకుండా శుభ్రపడింది.

విడి చిమ్నీలు, వత్తులు కూడా అదే దుకాణంలో దొరుకుతున్నాయి. కాని చిమ్నీల కొలతలు అన్నిటికీ ఒకటి కావు. మా డీట్జ్ లాంతరుకు అక్కడున్న వాటిలో ఏదీ కుదరలేదు. అందుచేత విడి చిమ్నీ కోసం వెళ్ళేవారు పాత చిమ్నీని, అది పగిలిపోయి ఉంటే లాంతరునే, వెంట తీసుకువెళ్ళడం మంచిది.