కీక్యాడ్ నెట్ రూల్స్: ఆరేళ్లు వాడాక

నెల్లూరులో మాది చిన్న షాపు. రొయ్యల గుంటల్లో నీళ్లకు గాలి అందించే ఏరియేటర్లకు టైమర్లు, ప్రివెంటర్లు (ఫేజు పోతే మోటారు ఆపే పెట్టెలు) చేసిస్తాం. ఎక్కువగా ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు వైపు పోతాయి. ఒకే బోర్డు మీద 415 వోల్టుల మూడు ఫేజులు, 12 వోల్టుల రిలేలు, 3.3 వోల్టుల మైక్రోకంట్రోలర్ కలిసి కాపురం చేయాలి. పైగా ఉప్పు గాలి. అందుకే సర్క్యూట్ బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్‌లో నేను చూసేది ఒక్కటే: ఏ నెట్‌కీ (అంటే ఒకదానికొకటి కలిసిన కనెక్షన్‌కీ) ఏ నెట్‌కీ మధ్య ఎంత దూరం ఉండాలో చెబితే, అది నిక్కచ్చిగా పట్టుకుంటుందా లేదా.

2020లో కీక్యాడ్ 5.1 వెర్షన్‌తో మొదలుపెట్టాను. అప్పుడు నెట్‌క్లాసే (నెట్‌ల గుంపు) దిక్కు. ఒక క్లాసుకు ఒకటే అంకె. రెండు క్లాసులు ఎదురుపడితే పెద్ద అంకె చెల్లుతుంది. మెయిన్స్‌కి, అంటే 415 వోల్టుల లైన్లకు, 6 మిల్లీమీటర్లు పెడితే, పిన్నుల మధ్య 5.08 మిల్లీమీటర్ల పిచ్ ఉన్న టెర్మినల్ బ్లాకులో పక్కపక్క ఫేజులు కూడా తప్పేనంటుంది. తగ్గిస్తే అసలు ప్రమాదం దాటిపోతుంది. చివరికి స్క్రీన్ మీద కొలుచుకుంటూ కూర్చునేవాణ్ణి.

2021 చివర్లో 6 వచ్చాక ప్రాణం లేచొచ్చింది. కస్టమ్ రూల్స్‌లో ‘ఒకటి మెయిన్స్, రెండోది కాదు అయితే 6, రెండూ మెయిన్స్ అయితే 2.5’ అని మామూలు టెక్స్ట్‌లో రాసుకోవచ్చు. బ్రాకెట్ ఒకటి తప్పితే సతాయిస్తుంది గానీ, ఏ లైనులో తప్పో అదే చూపిస్తుంది.

అయితే ఈ రూల్స్‌తోనే నేను దెబ్బ తిన్నాను. ఒకరోజు రాత్రి రెండింటికి ఫోను. "అబ్బయా, నీ పెట్టె ఆగిపోయింది. రొయ్యలు పైకొస్తన్నాయి." మోటార్లను డైరెక్టుగా స్టార్టర్ మీద వేసుకోమని చెప్పి, తెల్లారేసరికి అక్కడికి పోయా. బోర్డు విప్పితే ఆర్ ఫేజ్ ప్యాడ్‌కీ, రిలే కాయిల్‌కి పోయే 12 వోల్టుల ట్రాక్‌కీ మధ్య నల్లగా మాడిన చార. చుట్టూ తెల్లటి ఉప్పు పొర. కొలిస్తే మధ్యలో ఉన్నది 1 మిల్లీమీటరు. డీఆర్‌సీలో (సాఫ్ట్‌వేర్ చేసే రూల్స్ తనిఖీలో) మాత్రం తప్పులు సున్నా!

ఇన్‌స్పెక్ట్ మెనూలో క్లియరెన్స్ (మధ్య దూరం) రిజల్యూషన్ అని ఒకటుంది. రెండు వస్తువులు ఎంచుకుంటే, వాటి మధ్య ఏ రూలు ఎందుకు చెల్లిందో వరసగా చెబుతుంది. అప్పటిదాకా దాన్ని ముట్టుకున్న పాపాన పోలేదు. చూస్తే విషయం బయటపడింది. 6 మిల్లీమీటర్ల రూలు పైన రాశాను, పవర్ ట్రాక్‌లకు 1 మిల్లీమీటరు అన్నది కింద. ఈ జంటకు రెండూ వర్తిస్తాయి. కీక్యాడ్ ఫైలును కింది నుంచి పైకి చదువుతుంది. మొదట తగిలిన రూలుతో ఆగిపోతుంది. అంటే కిందిదాని మాటే నెగ్గింది. డాక్యుమెంటేషన్‌లో ఈ ముక్క ఉంది, చదవనిది నేనే. ఇప్పుడు కఠినమైన రూళ్లన్నీ ఫైలు అడుగున ఉంటాయి.

నెట్ పేర్లతోనూ కాస్త జాగ్రత్త. స్కీమాటిక్‌లో (సర్క్యూట్ బొమ్మలో) లోకల్ లేబుల్ పెడితే పేరు ముందు ఏటవాలు గీత (/) చేరుతుంది. ఆ సంగతి మరిచి, క్లాసులో చేరాల్సిన పేర్లకు ప్యాటర్న్ రాస్తే ఆ నెట్ క్లాసులోకి రాదు, నోరెత్తి చెప్పదు కూడా. లేబుల్ లేని నెట్‌లది మరీ అన్యాయం: పేరు విడిభాగం నంబరు నుంచి పుడుతుంది, నంబర్లు మార్చగానే పేరూ మారిపోతుంది. 7 నుంచి వైరు మీదే క్లాసు జెండా గుచ్చే వీలుంది. ఫేజులన్నిటికీ అదే వాడతాను.

2025లో వచ్చిన 9 నాకు బాగా పనికొచ్చింది. ఒక నెట్‌కి రెండు మూడు క్లాసులు ఇవ్వచ్చన్నది సరే, అసలు సంగతి క్రీపేజ్, అంటే ఉపరితలం వెంబడి దూరం. ఉప్పు పేరుకునేది బోర్డు ఉపరితలం మీద కదా! ఆప్టోకప్లర్ (వెలుగుతో సిగ్నల్ దాటించే విడిభాగం) కింద గాడి కోసినా, క్లియరెన్స్ రూలు సూటి దూరాన్నే కొలిచి తప్పంటుంది. క్రీపేజ్ రూలు గాడి చుట్టూ తిరిగి వచ్చే దారిని కొలుస్తుంది. మా పాత ల్యాప్‌టాప్‌లో డీఆర్‌సీ అయ్యేలోపు టీ తాగి రావచ్చు, పర్వాలేదు.

ఇంతా చేసి పైసా ఖర్చు లేని సాఫ్ట్‌వేర్. నాలాంటి షాపుకి ధారాళంగా సరిపోతుంది. బోర్డు ఫైళ్లు పంపే ముందు మాత్రం ఆర్ ఫేజ్ ప్యాడ్, పక్కనున్న 12 వోల్టుల ట్రాక్ రెండూ ఎంచుకుని ఆ క్లియరెన్స్ రిజల్యూషన్ విండో తెరుస్తాను. చివరి లైనులో 6 కనబడ్డాకే పంపు బటన్ నొక్కుతాను.