సగం తవ్విన పార్కుకు పూర్తి టిక్కెట్టు

నెల్లూరు చుట్టుపక్కల ఊళ్ల వారు వేసవి సెలవుల్లో పిల్లలను తీసుకువెళ్లే ఒక వాటర్ పార్కు ఈ ఏడాది విస్తరణ పనులు మొదలుపెట్టి, అవి సాగుతుండగానే గేట్లు తెరిచి ఉంచింది. ఆరేడేళ్లలోపు పిల్లలున్న వారు అక్కడికి నిశ్చింతగా వెళ్లవచ్చునని, పదో తరగతి పరీక్షలు రాసి పెద్ద జారుడుబండల కోసం కలలు కంటున్న పిల్లలున్న వారు మాత్రం పనులు ముగిసేదాకా ఆగడం మేలని నా అభిప్రాయం. పార్కు పేరు రాయడం లేదు. పనులు పూర్తయిన నాడు ఇక్కడి మాటల్లో సగం దానికి వర్తించవు కనుక, పేరుతో పాటు ఆ ఫిర్యాదు కలకాలం అంటిపెట్టుకుని ఉండడం న్యాయం కాదనిపించింది. పైగా సెలవుల సీజన్‌లో పనులు పెట్టుకున్న ఏ పార్కుకైనా ఇవే ప్రశ్నలు వర్తిస్తాయి.

పిల్లలు వచ్చే కాలంలోనే తవ్వకాలు పెట్టుకోవడమేమిటని మా బావగారు లోపలికి అడుగు పెట్టకముందే విసుక్కున్నారు. అయితే ఈ విషయంలో యాజమాన్యాన్ని నేను తప్పు పట్టలేను. మన తీరానికి వానలు ప్రధానంగా ఈశాన్య ఋతుపవనాలతోనే వస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎప్పుడు ఏ వాయుగుండం పడుతుందో తెలియదు, తవ్విన పునాది గుంత తెల్లారేసరికి చెరువైపోతుంది. మట్టి పనులు, కాంక్రీటు పనులు సంక్రాంతి తర్వాతే ఊపందుకోవాలి, వానలు మళ్లీ ముదిరేలోగా ముగియాలి. ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా బడులకు సెలవులు కావడంతో పార్కుకు రాబడి వచ్చే కాలమూ, పని జరిగే కాలమూ ఒకటే అవుతున్నాయి. ఇల్లు కట్టిన వారెవరికైనా ఇది తెలిసిన ఇబ్బందే. అందువల్ల నా అభ్యంతరం పనుల మీద కాదు, ఆ సంగతిని టిక్కెట్టు చేతికి వచ్చేదాకా దాచిపెట్టడం మీద.

సెలవు రోజుల్లో పెద్దలకు 900 రూపాయలు, నాలుగడుగుల లోపు పిల్లలకు 700 రూపాయలు తీసుకుంటున్నారు, మామూలు రోజుల ధర ఇంతకంటే తక్కువ. అందులో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంది. 2018 జనవరిలో వాటర్ పార్కుల ప్రవేశ రుసుము మీద పన్నును 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించారు కానీ, ఆ తగ్గింపు వల్ల ఎక్కడైనా టిక్కెట్టు చవక అయిందని చెప్పిన వారు నాకు ఇంతవరకు తారసపడలేదు. ఇవాళ ఏమేం మూసి ఉన్నాయని కౌంటరు దగ్గర అడిగితే, లోపలున్న అమ్మాయి తల ఎత్తకుండానే, "అన్నీ ఆడతానే ఉండాయి సార్, ఒకటో రెండో రిపేరు" అని చిల్లర లెక్కపెట్టింది. ఆ అమ్మాయిని అనడానికి లేదు, ఆమెకు నేర్పిన మాట అదే. కౌంటరు పైన మాత్రం ఇంకా నిర్మాణంలోనే ఉన్న కొత్త జారుడుబండ బొమ్మ నిలువెత్తున నవ్వుతూ నిలబడి ఉంది. దాని అడుగున, కంటికి ఆనీ ఆననంత చిన్న అక్షరాలతో "త్వరలో" అని ఉంది.

లోపలికి వెళ్లాక తెలిసిన లెక్క వేరు. ఎత్తయిన జారుడుబండల గోపురానికి మెట్ల దగ్గరే తాడు కట్టేశారు. ట్యూబుల మీద తేలుతూ పార్కంతా చుట్టి వచ్చే నీటి కాలువ పూర్తిగా ఎండగట్టి ఉంది, దాని అడుగున పసుపు రంగు ట్యూబుల పక్కన సిమెంటు బస్తాలు పేర్చారు. ఆ కాలువ ఒక వలయం కనుక ఒకచోట గోడ పగలగొడితే మొత్తం ఆగిపోవడం సహజమే, అర్థం చేసుకోవచ్చు. కానీ పెద్దలు టిక్కెట్టు కొనేది ముఖ్యంగా ఈ రెండింటి కోసమే. మా మేనల్లుడు ఆ తాడు దగ్గర నిలబడి, "మామా, మరి మనం దేనికి వచ్చినట్టు?" అని అడిగిన ప్రశ్నకు కౌంటరులో గానీ, నా దగ్గర గానీ జవాబు లేదు.

తల్లిదండ్రులు అన్నింటికంటే ముందుగా గమనించవలసింది నడిచే దారిని. నీళ్లలోకి దిగే చోట చెప్పులు అనుమతించరు, అది ఏ పార్కులోనైనా ఉన్న నియమమే. బట్టలు మార్చుకునే గదుల నుంచి అలల కొలనుకు వెళ్లే పాత దారి తవ్వేయడంతో, పచ్చటి పరదా కట్టిన రేకుల కంచె వెంబడి కొత్తగా ఒక మళ్లింపు దారి వేశారు. అందులో సగం దాకా సిమెంటు పలకలు పరిచారు, మిగిలిన సగంలో కంకర మీద గోనె పట్టాలు వేసి వదిలేశారు. పదకొండు గంటల ఎండకు ఆ పలకలు పెనంలా కాలిపోతున్నాయి. ఒక కుర్రవాడు పైపు పట్టుకుని పట్టాలను తడుపుతూనే ఉన్నాడు గానీ, అతను ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లేలోపు మొదటి పట్టా ఆరిపోతోంది. కంచె వంగిన ఒకచోట, సరిగ్గా చిన్నపిల్లల మోకాలి ఎత్తులో ఇనుప చువ్వలు బయటకు పొడుచుకుని ఉన్నాయి. వాటి కొసలకు ఖాళీ నీళ్ల సీసాలు బోర్లించారు. కట్టడాల దగ్గర మేస్త్రీలు చేసే పని ఇదే, అది తమలో తాము జాగ్రత్తపడడానికి సరిపోతుంది కూడా. కానీ చెప్పులు లేని పిల్లలు తడి కాళ్లతో పరుగెత్తే చోట అది సరిపోదు, అక్కడ కంచెను మరో మూడడుగులు వెనక్కు జరపవలసింది. అటువైపు కాపలా ఉన్న పెద్దాయన మాత్రం తన పని తాను శ్రద్ధగా చేస్తున్నాడు. "అబ్బయ్యా, ఆ పక్కకు పోబాకండి, గుంత తవ్వుండారు" అని వచ్చిన ప్రతి పిల్లవాడికీ విసుగు లేకుండా చెప్పి వెనక్కు పంపాడు.

ఇక నీళ్ల సంగతి. ఉదయం కొలనులోకి దిగినప్పుడు అడుగున ఉన్న తూము జాలీ గళ్లు స్పష్టంగా లెక్కపెట్టగలిగేలా కనిపించాయి. మధ్యాహ్నం రెండు దాటాక అదే జాలీ పాలు కలిపినట్టు మసకబారింది. కారణం గాలి. వేసవిలో పొద్దున పూట మన జిల్లాలో పడమటి గాలి వీస్తుంది, ఎండ ముదిరాక సముద్రపు గాలి తూర్పు నుంచి అందుకుంటుంది. పనులు జరుగుతున్నది కొలనుకు తూర్పున. పలకలు కోసే యంత్రం లేపిన ధూళి ఉదయమంతా పార్కు నుంచి దూరంగా పోయి, మధ్యాహ్నం నుంచి తిన్నగా కొలను మీదకు వస్తుంది. ఊరికి చల్లదనాన్ని మోసుకొచ్చే గాలి ఆ పార్కులో మాత్రం సిమెంటును మోసుకొస్తోంది.

ఇది కంటికి కనిపించే మురికి సమస్య మాత్రమే అయితే ఇంత రాయవలసిన అవసరం లేదు. సిమెంటులో సున్నపు గుణం ఉంటుంది, నీటిలో పడితే పీహెచ్‌ను, అంటే నీటి ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే కొలతను పెంచుతుంది. కొలను నీటి పీహెచ్‌ను సాధారణంగా 7.2 నుంచి 7.8 మధ్య ఉంచుతారు. క్లోరిన్ నీటిలో హైపోక్లోరస్ ఆమ్లంగా ఉన్నప్పుడే క్రిములను బాగా చంపుతుంది. పీహెచ్ 7.5 దగ్గర దాదాపు సగం క్లోరిన్ ఆ రూపంలో ఉంటే, 8 దగ్గర నాలుగో వంతుకు కాస్త అటూ ఇటూగా తగ్గిపోతుంది. అంటే వేసిన క్లోరిన్ అంతే ఉన్నా దాని పని తగ్గుతుంది. ఎండకు క్లోరిన్ హరించుకుపోవడం దీనికి అదనం. జనం కిక్కిరిసి ఉన్న వేళలోనే ఈ రెండూ కలిసి వస్తున్నాయి కనుక, ధూళి లేచే రోజుల్లో నీటిని మామూలుకంటే ఎక్కువసార్లు పరీక్షించాలి. ఫిల్టరు గది తలుపు మీద ఒక నల్ల పలక వేలాడదీసి ఉంది, ఆ ఏర్పాటు మెచ్చుకోదగినదే. దాని మీద సుద్దముక్కతో ఉదయపు పీహెచ్ 7.4 అని రాసి ఉంది, మధ్యాహ్నం గడి ఖాళీగా ఉంది, సాయంత్రం గడీ అంతే. మా అక్క కూతురికి నాలుగు గంటలకల్లా కళ్లు ఎర్రబడి మండాయి, మంచినీళ్లతో కడిగిన కాసేపటికి తగ్గాయి. అది సిమెంటు వల్లనేనని నేను తీర్మానించను, గంటల తరబడి నీళ్లలో ఉన్న పిల్లలకు మామూలు రోజుల్లోనూ కళ్లు మండుతాయి. ఆ గడి నింపి ఉంటే ఈ అనుమానమే వచ్చేది కాదు.

బాగున్న వాటిని కూడా అంతే వివరంగా చెప్పాలి. చిన్నపిల్లల కొలను పనులకు చాలా దూరంలో, పడమటి వైపు వేపచెట్ల నీడలో ఉంది. మోకాలి లోతు నీళ్లు, ఏనుగు తొండం నుంచి జారే చిన్న బండ, కూర్చోవడానికి అరుగులు ఉన్నాయి. మా అత్తగారు ఆ అరుగు మీద కాళ్లు నీళ్లలో పెట్టుకుని సాయంత్రం దాకా కదల్లేదు. అలల కొలను కూడా పనిచేస్తోంది. గోడ వెనక అరల్లోకి గాలిని పంపి నీటిని ముందుకు తోయడం వల్ల పుట్టే అలలు అవి. ఇప్పుడు గాలి యంత్రాల్లో ఒకటి ఆపి ఉంచడంతో అలలు నడుము ఎత్తు దాటడం లేదు, ఈత రాని నాలాంటి వాడికి అదే హాయిగా ఉంది. ఈల పట్టుకుని నిలబడిన కాపలా కుర్రవాళ్లు ఫోను చూడకుండా నీళ్లనే చూస్తున్నారు. లోతు గీత దాటిన ఒక పెద్దమనిషిని మొహమాటపడకుండా ఈల వేసి వెనక్కు పిలిచారు. మైపాడు సముద్రంలో ఈ మాత్రం చూసుకునే వారు ఉండరు కనుక, డబ్బు పోసి పార్కుకు రావడంలో అర్థం ఉందని ఆ క్షణంలో అనిపించింది.

తిండి విషయంలో పెద్దగా చెప్పుకోవలసింది లేదు. బయటి తిండి గేటు దగ్గరే ఆపేస్తారు, పసిపిల్లల పాలు, జావ మాత్రం వదులుతారు. లోపల కారం దోసె బాగుంది, సాయంత్రం వేడివేడిగా వేసిన పులిబొంగరాలు ఇంకా బాగున్నాయి. బిర్యానీ జోలికి వెళ్లకండి. నైలాను బట్టల అద్దె 100 రూపాయలు, మరో 100 డిపాజిట్టు. నూలు బట్టలతో నీళ్లలోకి దిగనివ్వరు కనుక ఇంటి దగ్గరే ఆ రకం బట్టలు సర్దుకుంటే ఆ ఖర్చు మిగులుతుంది.

డబ్బు వాపసు గురించి మేనేజరును అడిగాము. మర్యాదగానే మాట్లాడారు, కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించారు, టిక్కెట్టు వెనక ఉన్న "ముందస్తు నోటీసు లేకుండా రైడ్లు నిలిపివేయవచ్చు" అన్న వాక్యాన్ని వేలుపెట్టి చూపించారు. వాన పడో, కరెంటు పోయో ఒక రైడు ఆగితే ఆ వాక్యం న్యాయమే. నెలల ముందే అనుకున్న పనుల కోసం ఆపిన రైడ్లకు అదే వాక్యాన్ని కప్పడం న్యాయం కాదు. ఎందుకంటే ముందస్తుగా తెలిసిన విషయానికి ముందస్తు నోటీసు ఇవ్వడానికి అడ్డేమీ లేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ముఖ్యమైన సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా దాచిన ప్రకటనను తప్పుదోవ పట్టించే ప్రకటనగానే లెక్కిస్తుంది. ఇలాంటి ఇబ్బంది ఎదురైన వారు టిక్కెట్టునూ, మూసి ఉన్న రైడ్ల ఫొటోలనూ భద్రపరచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేయవచ్చు, అక్కడ తెలుగులోనూ మాట్లాడతారు. అంతకీ పరిష్కారం కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషను ఉంది, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు ఉన్న వివాదాలకు అక్కడ ఫిర్యాదు రుసుము ఉండదు. మాకు చివరకు మళ్లీ వచ్చినప్పుడు వాడుకోమని తగ్గింపు కూపన్లు ఇచ్చారు. సెలవు రోజుల్లో అవి చెల్లవని కూపను మీదే ఉంది, బావగారు అది చదివి పకపకా నవ్వారు.

పనులు దసరాకల్లా పూర్తవుతాయని మేనేజరు అన్నారు. ఈలోగా వెళ్లదలచిన వారు ముందు రోజు ఫోను చేసి, పెద్ద జారుడుబండలూ, నీటి కాలువా నడుస్తున్నాయా అని ఆ రెండింటినీ పేరు పెట్టి అడగాలి. "అన్నీ ఉన్నాయా" అని అడిగితే ఉన్నాయనే చెబుతారు. గేటు తెరిచే వేళకే చేరుకుని, గాలి తిరగకముందే, అంటే మధ్యాహ్న భోజనం లోపే పెద్ద కొలను ముగించుకుని, తర్వాత వేపచెట్ల వైపు మారితే ధూళి బాధ చాలావరకు తప్పుతుంది. పిల్లలకు అంచు మూసిన రబ్బరు బూట్లు ఉంటే తీసుకువెళ్లండి, మళ్లింపు దారి వరకు వేసుకోవడానికి ఇప్పుడు అభ్యంతరపెట్టడం లేదు. కార్లు నిలిపే స్థలంలో సగం కంకర లారీలకు పోయింది కనుక పది దాటాక వచ్చిన వారు రోడ్డు పక్కనే ఆపుకోవలసి వస్తోంది. నెల్లూరులోని మద్రాసు బస్టాండు నుంచి ఆటోలో వెళ్లేవారు తిరుగు ప్రయాణానికి ఆ ఆటో అన్ననే మాట్లాడుకుని, ఫోను నంబరు తీసుకోవడం మంచిది, ఆరు దాటాక ఆ గేటు దగ్గర మరో ఆటో దొరకడం కష్టం.