బుల్లెట్ పుట్టింటికి వెళ్లొచ్చాను

మా నాన్న బుల్లెట్ 1984 మోడల్. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. మొదటి గేరు పైకి, మిగతా మూడూ కిందికి. నాకు పద్నాలుగేళ్లప్పుడు రాజమండ్రిలో మా వాకిట్లో దాన్ని స్టార్ట్ చేయడం నేర్పారు. తాళం తిప్పి, కిక్‌ను మెల్లగా తొక్కుతూ కరెంటు చూపే ఆంప్స్ మీటర్ ముల్లు మధ్యలోకి వచ్చేదాకా చూడాలి. అక్కడ ఆగి, ఎడమచేతి దగ్గరున్న, ఇంజన్ లోపలి ఒత్తిడి వదిలే చిన్న డికంప్రెషన్ లివర్ నొక్కి, కిక్‌ను ఇంకొంచెం కిందికి దించాలి. లివర్ వదిలి, కిక్‌ను మళ్లీ పైకి రానిచ్చి, ఒంటి బరువంతా వేసి ఒక్క తన్ను. కుదిరితే ఒక్క కిక్కే. కుదరకపోతే అది వెనక్కి తంతుంది, మడమ వాచిపోతుంది. నాకు రెండుసార్లు వాచింది.

అందుకే కిందటేడు సెప్టెంబరులో మా పిన్ని కొడుకు ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ రమ్మన్నప్పుడు, నేను ముందు అడిగింది లండన్ గురించి కాదు. "రెడ్డిచ్ మీకెంత దూరంరా?" అన్నాను. "అక్కడేముంది అన్నయ్యా?" అన్నాడు వాడు. వాడు అక్కడికెళ్లి ఆరేళ్లయింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ పుట్టింది గంట దూరంలోనేనని వాడికి తెలియదు.

మొత్తం ఎనిమిది రోజులు. ఒక్క రోజే ఉన్నవాళ్లకు నా సలహా ఒకటే: సోలిహల్‌లోని నేషనల్ మోటార్‌సైకిల్ మ్యూజియానికి వెళ్లండి, మిగతావన్నీ వదిలేయండి. బర్మింగ్‌హామ్ విమానాశ్రయానికి పక్కనే, ఎం42 రోడ్డు మీదనే ఉంది. రైల్లో వచ్చేవాళ్లు బర్మింగ్‌హామ్ ఇంటర్నేషనల్ స్టేషన్‌లో దిగి టాక్సీ పట్టుకుంటే సరిపోతుంది. తెరిచింది 1984లో, అంటే నాన్న బండి కొన్న ఏడాదే. ఉన్నవన్నీ బ్రిటన్‌లో తయారైన బళ్లే, ఒక్క జపాన్ బండి కూడా కనిపించదు. మధ్యాహ్నానికి అయిపోతుందనుకుని వెళ్లాం. మూసే వేళకు వాళ్లే వచ్చి బయటికి పంపారు.

లోపల అడుగుపెట్టగానే నా కళ్లు గేరు లివర్ల మీదికే పోయాయి. వరసకు వరస, అన్నీ కుడివైపే. అమెరికాలో 1975 నుంచి ఎడమకాలి గేరే ఉండాలని నిబంధన పెట్టాక ప్రపంచమంతా అటు మళ్లింది. అంతకుముందు బ్రిటిష్ బళ్లు దాదాపు అన్నీ మా నాన్న బండిలాంటివే. ఒక పాత నార్టన్ పక్కన నిలబడి ఉంటే, నా కుడిపాదం బూటులోనే పైకి ఒకసారి ఆడింది.

విన్సెంట్ బ్లాక్ షాడో దగ్గర ఎంతసేపు ఉన్నానో తెలియదు. 1948లో వచ్చిన బండి. 998 సీసీ వీ ట్విన్ ఇంజన్, అంటే V ఆకారంలో రెండు సిలిండర్లు, దాని ఒళ్లంతా నల్ల ఎనామెల్. హ్యాండిల్ పైన గోడగడియారంలా నిటారుగా నిలబడ్డ అయిదంగుళాల స్పీడోమీటర్, అందులో అంకెలు 150 మైళ్ల దాకా. మామూలు బండికి ఆ కాలంలో సగం అంకెలు కూడా అక్కర్లేదు. ఇది నిజంగానే 125 మైళ్లు, అంటే గంటకు 200 కిలోమీటర్లు పోయేది. అదే ఏడాది అమెరికాలోని బానవిల్ ఉప్పుమైదానంలో రోలీ ఫ్రీ ఒక విన్సెంట్ మీద, గాలికి అడ్డు ఉండకూడదని స్నానపు చెడ్డీ, టోపీ, బూట్లు మాత్రమే వేసుకుని, బోర్లా పడుకుని 150 మైళ్ల వేగం దాటాడు. ఆ ఫొటో చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. బండిని ఎదురుగా చూశాక, ఆ మనిషి పొట్ట కింద ఎంత ఇంజన్ కొట్టుకుంటూ ఉందో అర్థమైంది.

దానికంటే నేను ఎక్కువ ప్రేమించేది మాత్రం ట్రయంఫ్ స్పీడ్ ట్విన్. ఎడ్వర్డ్ టర్నర్ 1937లో తెచ్చాడు. రెండు సిలిండర్లు పక్కపక్కనే, పిస్టన్లు రెండూ ఒకేసారి పైకీ కిందికీ. అప్పటిదాకా అందరూ ఒంటి సిలిండర్ బళ్లకు అలవాటుపడి ఉన్నారు. ఈ ఇంజన్‌ను ఆ ఒంటి సిలిండర్ బండి చట్రంలోనే ఇమిడ్చేశాడు. తర్వాత ముప్ఫయ్యేళ్లపాటు బీఎస్ఏ, నార్టన్, ఎన్‌ఫీల్డ్ అందరూ అదే దారి పట్టారు. దూరం నుంచి చూస్తే చిన్న ఇంజనే. దగ్గరికెళితే రెండు సైలెన్సర్ గొట్టాలు సిలిండర్ల నుంచి దిగే వంపు చూడాలి, ఇంకో అర అంగుళం ఎటు కదిలినా ఆ అందం రాదు.

బీఎస్ఏ గోల్డ్ స్టార్‌కు ఆ పేరు ఎలా వచ్చిందో అక్కడే ఇంకోసారి గుర్తుచేసుకున్నాను. 1937 జూన్‌లో వాల్ హ్యాండ్లీ బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద గంటకు 107 మైళ్లకు పైగా వేగంతో ఒక చుట్టు తిరిగాడు. వంద మైళ్లు దాటినవాళ్లకు అక్కడ చిన్న బంగారు నక్షత్రం బ్యాడ్జి ఇచ్చేవారు. బండికి ఆ నక్షత్రం పేరే పెట్టేశారు.

బ్రిటిష్ బండి అంటే ఆయిల్ కారుతుందని అందరూ అనే మాటే. ఇంజన్ కేసు నిలువుగా రెండు ముక్కలు, ఆ అతుకు ఆయిల్ నిలిచే అడుగు దాకా వస్తుంది. హోండా 1969లో తెచ్చిన సీబీ750 కేసు అడ్డంగా చీలి ఉంటుంది, పైగా బటన్ స్టార్టు, ముందు డిస్క్ బ్రేకు. బర్మింగ్‌హామ్ కంపెనీలు పాత మిషన్ల మీదే నెట్టుకొస్తుంటే కొనేవాళ్లు ఎన్నాళ్లు ఆగుతారు? 1973కల్లా బీఎస్ఏ కుప్పకూలింది. ఒకప్పుడు ప్రపంచంలోనే అతి పెద్ద మోటార్‌సైకిల్ కంపెనీ అది. ఆ బళ్ల మధ్య నడుస్తుంటే నాకు కోపం వచ్చింది. ఇంత చేతిపని తెలిసినవాళ్ల కడుపు కొట్టింది పైన కూర్చున్నవాళ్లే.

2003 సెప్టెంబరులో ఈ మ్యూజియం తగలబడింది. దాదాపు 380 బళ్లు మంటల్లో పోయాయి. మరుసటి ఏడాది డిసెంబరుకల్లా మళ్లీ తెరిచారు, చాలా బళ్లను తిరిగి నిలబెట్టారు. అందుకేనేమో అన్నీ మరీ కొత్తగా మెరుస్తాయి. నాకు మాత్రం నాలుగైదు బళ్లయినా దుమ్ముతో, ట్యాంకు మీద మోకాళ్లు రాసుకుని పెయింటు పోయిన చోటుతో ఉంటే బాగుండేది. క్యాంటీన్ పెద్దది, శుభ్రంగా ఉంది. శాకాహారులకు కాల్చిన ఆలుగడ్డ మీద చీజ్ తప్ప చెప్పుకోదగ్గది దొరకలేదు.

విమానాశ్రయం దగ్గర హోటల్లో ఒక రాత్రి దిగడం పొరపాటు. గది బాగానే ఉంది, కానీ కారు పార్కింగుకు వేరే డబ్బు, అల్పాహారానికి వేరే డబ్బు. తర్వాత మూడు రాత్రులు హింక్లీలో ఒక గెస్ట్‌హౌస్‌లో ఉన్నాం. ఇల్లుగలావిడ నా అద్దె బండిని వెనక పెరట్లో పెట్టుకోనిచ్చింది. వానలో తడిసిన గ్లోవ్స్ బాయిలర్ గదిలో ఆరేసి పొద్దున్నే వేడివేడిగా తెచ్చిచ్చింది. బండి మీద తిరిగేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

హింక్లీలో ట్రయంఫ్ వాళ్ల ప్రదర్శనశాల చూడటానికి టికెట్ లేదు. ఫ్యాక్టరీ లోపల తిప్పి చూపించే టూరుకు మాత్రం డబ్బు కట్టాలి, ముందే బుక్ చేసుకోవాలి. మాకు తేదీ దొరకలేదు, అది నా తప్పే, నెల ముందు చూసుకోవాల్సింది. ప్రదర్శన చిన్నదే అయినా కథ చక్కగా చెప్పారు. కోవెంట్రీలోని పాత ఫ్యాక్టరీ 1940 నవంబరు బాంబుదాడిలో నేలమట్టమైంది. తర్వాత మెరిడెన్‌లో కట్టారు. 1973లో దాన్ని మూసేస్తామంటే కార్మికులు గేట్లు దిగ్బంధించి కూర్చున్నారు, చివరికి సహకార సంఘంగా ఏర్పడి 1983 దాకా బండి నడిపారు. ఆ తర్వాత పేరు కొన్నది జాన్ బ్లోర్ అనే ఇళ్లు కట్టే వ్యాపారి. తొందరపడకుండా ఏళ్ల తరబడి కొత్త ఇంజన్లు తయారుచేయించి, 1991లో అమ్మకాలు మొదలుపెట్టాడు. 2002లో హింక్లీ ఫ్యాక్టరీ కూడా సగం తగలబడింది, నెలల్లోనే మళ్లీ నడిపించారు.

ఇప్పుడు ట్రయంఫ్ బానవిల్‌లాంటి బళ్లు ఎక్కువగా థాయ్‌లాండ్‌లో తయారవుతాయి, 400 సీసీ బళ్లు మన బజాజ్ వాళ్ల దగ్గర. మా తమ్ముడు ఇది విని ఉసూరుమన్నాడు. నాకు అలా అనిపించలేదు. బండి ఎక్కడ బిగించారన్నదానికంటే, ఎలా నడవాలని ఆలోచించిన మనిషి ఎవరన్నది నాకు ముఖ్యం.

ఆ మాట రుజువు చేసుకోవడానికి బానవిల్ టీ120 రెండు రోజులు అద్దెకు తీసుకున్నాను. మన లైసెన్సులో మోటార్‌సైకిల్ ఉంటే పర్యాటకులు అక్కడ ఏడాది దాకా నడపొచ్చు. రోడ్డుకు ఎడమవైపే నడవాలి కాబట్టి అలవాటు మార్చుకునే పని లేదు. కానీ రౌండబౌట్ దగ్గర కుడినుంచి వచ్చేవాడికి దారివ్వడం అక్కడ ఖచ్చితమైన నియమం, మొదటి గంట కాస్త టెన్షన్ పడ్డాను. హింక్లీ దగ్గర్నుంచి దక్షిణంగా ఫాస్ వే అనే రోమన్ల నాటి రోడ్డు పట్టాను. పేరుకు బీ4455, పొలాల మధ్య కొలబద్ద పెట్టి గీసినట్టు పోతుంది. 1200 సీసీ ఇంజన్, మూడో గేరులో యాక్సిలరేటర్ కొద్దిగా తిప్పితే చాలు, నడుము దగ్గర చెయ్యి వేసి ముందుకు నెట్టినట్టు లాగుతుంది. ఇందులో పిస్టన్లు పాత ట్రయంఫ్‌లా ఒకేసారి లేవవు, పిస్టన్లు తిప్పే క్రాంక్ కడ్డీని 270 డిగ్రీలకు మార్చారు. అందుకే శబ్దం సమంగా కాకుండా, గుర్రం దౌడులా విరిగి విరిగి వస్తుంది. ఒక చోట ఆపి, ఇంజన్ అలాగే ఉంచి పక్కన నిలబడి విన్నాను. హెడ్ దగ్గర చెయ్యి పెట్టి చూశాను, ఎక్కడా ఆయిల్ తడి లేదు.

అద్దె కంపెనీతో అనుభవం అంత బాగోలేదు. బండి తిరిగివ్వగానే సైలెన్సర్ మీద గీత ఉందన్నారు. తీసుకునేటప్పుడు బండి చుట్టూ ఫోన్‌లో వీడియో తీసిపెట్టుకున్నాను, ఆ గీత అందులో ఉంది. చూపించాక ఊరుకున్నారు, కానీ డిపాజిట్ నా ఖాతాలోకి వచ్చేసరికి 19 రోజులు పట్టింది. ఎవరి దగ్గర తీసుకున్నా ఆ వీడియో మాత్రం మర్చిపోకండి.

లండన్‌లో ఏస్ కేఫ్‌కు ఒక సాయంత్రం వెళ్లాం. 1938లో లారీవాళ్ల కోసం పెట్టిన హోటలు, యుద్ధంలో బాంబు పడింది, 1949లో మళ్లీ కట్టారు. తర్వాత ఇరవయ్యేళ్లు నార్త్ సర్క్యులర్ రోడ్డు మీద వంద మైళ్ల వేగం కోసం పందేలు వేసుకునే కుర్రాళ్లకు అదే అడ్డా. 1969లో మూతపడి 2001లో మళ్లీ తెరుచుకుంది. ట్రయంఫ్ ఇంజన్‌ను నార్టన్ చట్రంలో బిగించిన ట్రైటన్ ఒకటి బయట ఆగి ఉంటే చూశాను, అదొక్కటి చాలు. తిండి మామూలే. స్టోన్‌బ్రిడ్జ్ పార్క్ స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు.

చివరి రోజు రెడ్డిచ్. బర్మింగ్‌హామ్ న్యూస్ట్రీట్ నుంచి రైలు అక్కడికి వెళ్లి ఆగిపోతుంది, లైనుకు అదే చివర. ఒకప్పుడు సూదుల ఊరు. ఎన్‌ఫీల్డ్ వంశం మొదలైంది కూడా ఒక సూదుల కంపెనీ నుంచే, ముందు సైకిళ్లు, 1901లో మొదటి మోటార్‌సైకిల్. హ్యూవెల్ రోడ్డు దాకా నడిచాం. ఫ్యాక్టరీ లేదు. ఎన్‌ఫీల్డ్ ఇండస్ట్రియల్ ఎస్టేట్ అని ఒక బోర్డు, లోపల రేకుల షెడ్లు, వ్యాన్లు. 1955లో మద్రాసు మోటార్స్‌తో కలిసి మన దగ్గర బుల్లెట్ మొదలైనప్పుడు విడిభాగాలు ఇక్కణ్నుంచే ఓడల్లో వచ్చేవి. ఇక్కడ 1970 కల్లా అంతా అయిపోయింది. చెన్నైలో ఆగలేదు. ఇప్పుడు ఆ చెన్నై కంపెనీయే ఇంగ్లండ్‌లోని బ్రంటింగ్‌థార్ప్‌లో డిజైన్ కేంద్రం పెట్టి 650 సీసీ ఇంటర్‌సెప్టర్‌ను తయారుచేసింది. నార్టన్‌ను 2020లో కొన్నది టీవీఎస్.

ఆ బోర్డు ముందు నిలబడి నాన్నకు వీడియో కాల్ చేశాను. మన దగ్గర సాయంత్రం, ఆయన వాకిట్లో కుర్చీలో ఉన్నారు.

"ఇదేనా?" అన్నారు.

"ఇదే నాన్నా. పాత ఫ్యాక్టరీ ఏమీ కనిపించట్లేదు."

"గోడ ముక్కయినా లేదా?"

ఫోన్ మెల్లగా తిప్పి చూపించాను. రేకులు, వ్యాన్లు, తడి రోడ్డు. ఆయన కాసేపు ఏమీ అనలేదు.

"సరే, ఆ బోర్డు స్పష్టంగా ఒక ఫొటో తీసి పంపించు. రేపు ఆయిల్ మార్చడానికి షెడ్డుకు తీసుకెళ్తున్నాను, మెకానిక్‌కు చూపిస్తాను."