అప్‌రైట్ బేస్‌కి హాయైన తీగలు: స్టీలా, గట్టా, సింథటిక్కా?

"తీగలు మారిస్తే చేతినొప్పి తగ్గుతుందా?" అని అప్‌రైట్ బేస్, అంటే నిలబెట్టి వాయించే నిలువెత్తు వయొలిన్ లాంటి వాద్యం, వాయించేవాళ్ళు ఎవరైనా అడిగితే, నేను ముందు తిరిగి అడిగేది ఒకటే: ఏ చెయ్యి? ఈ ప్రశ్న చాలామందికి వింతగా ఉంటుంది. నొప్పి నొప్పే కదా, ఎడమేమిటి, కుడేమిటి అంటారు. కానీ అప్‌రైట్ బేస్ మీద ఎడమ చెయ్యి తీగని నొక్కుతుంది, కుడి చెయ్యి మీటుతుంది. అందుకే ఎడమ చేతి బాధ వేరు, కుడి చేతి బాధ వేరు. ఒకదానికి వేసిన మందు రెండోదానికి పనిచెయ్యదు. ఇది తెలుసుకోవడానికి నేను ఒక గట్ (గొర్రె పేగు) తీగల సెట్టు తగలేశాను.

అప్పట్లో నాకు ఎడమ బొటనవేలి మొదట్లో లాగేస్తుండేది. గట్ తీగలు మెత్తగా ఉంటాయని విని, వెనకా ముందూ చూడకుండా వేయించాను. బిగువు తగ్గిన మాట నిజమే. కానీ బిగువు తక్కువ తీగ బారుగా ఊగుతుంది. ఊగి ఫింగర్‌బోర్డుకి (తీగల కింద ఉండే, వేళ్ళు నొక్కే చెక్కకి) తగిలి గరగరమంటుంటే తీగల్ని ఎత్తి పట్టే బ్రిడ్జి ఎత్తు పెంచక తప్పలేదు. రెండు వారాలు తిరిగేసరికి ఎడమ చెయ్యి మునుపటికన్నా ఎక్కువ నొప్పి. కుడి చేతికి మాత్రం, దానికి ఏ జబ్బూ లేకపోయినా, బ్రహ్మాండంగా ఉంది.

ఎడమ చేతి లెక్క

3/4 సైజు బేస్‌లో నట్ (పైచివర తీగలు ఆనే గాడుల చెక్క) నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు సుమారు 105 సెంటీమీటర్లు. పేరుకి ముప్పాతిక అన్నారు గానీ, పెద్దవాళ్ళలో ఎక్కువమంది వాయించేది ఈ సైజే. మామూలు స్టీలు తీగ ఒక్కోటి ఇంచుమించు 28 కిలోల బిగువు మీద ఉంటుంది. నాలుగూ కలిస్తే 110 కిలోల పైచిలుకు. అంత లాగుడునీ ఆ పల్చటి చెక్కపెట్టె రాత్రీ పగలూ మోస్తూనే ఉంటుంది. "లైట్" అని రాసిన సెట్టు కొంటే తీగకి రెండు మూడు కిలోలు తగ్గుతుంది.

ఇప్పుడు నట్ పక్కనే ఉన్న మొట్టమొదటి స్వరం నొక్కారనుకోండి. అది నట్‌కి ఆరు సెంటీమీటర్లు కూడా ఉండదు. కట్టేసిన చోటికి అంత దగ్గర కాబట్టి తీగ అక్కడ మహా మొండిగా ఉంటుంది. నట్ మీద గాడి ఉండాల్సిన దానికన్నా ఒక్క మిల్లీమీటరు ఎత్తు ఎక్కువ ఉంటే, అక్కడ వేలు అదనంగా పెట్టాల్సిన బలం దాదాపు అర కిలో. అదే 28 కిలోల తీగ తీసేసి 25 కిలోలది వేస్తే ఆ చోట తగ్గేది మహా అయితే డెబ్బై, ఎనభై గ్రాములు. ఈ లెక్క కాగితం మీద వేసుకున్న రోజు నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒక ఆకురాయితో పది నిమిషాల్లో తేలే పనికి నేను సెట్టు మీద సెట్టు కొన్నాను.

అందుకని ఎడమ చేతి నొప్పి అయితే తీగల జోలికి వెళ్ళకముందే ఎత్తు కొలవండి. నట్ దగ్గర తీగకీ బోర్డుకీ మధ్య ఒక విజిటింగ్ కార్డు దూరేంత సందు చాలు. బోర్డు రెండో చివర, స్టీలు తీగలైతే జి తీగ (అన్నిటికన్నా సన్నటిది) కింద 5-6 మిల్లీమీటర్లు, ఇ తీగ (అన్నిటికన్నా లావుది) కింద 8-9 ఉంటే చాలామందికి సుఖంగా ఉంటుంది. జి కింద పది దాటి ఉంటే ఏ తీగ వేసినా చేతికి సుఖం ఉండదు. బ్రిడ్జి కాళ్ళకి తిప్పే అడ్జస్టర్లు ఉంటే తగ్గించడం మీ చేతిలో పనే. నట్ గాడి మాత్రం వాద్యాలు బాగుచేసేవాళ్ళకే వదిలేయండి. ఒకసారి ఎక్కువ అరగదీస్తే కొత్త నట్ పెట్టించుకోవాలి.

కుడి చేతి లెక్క

ఇక్కడ మాత్రం బిగువే అంతా. బోర్డు చివర తీగని ఒక సెంటీమీటరు పక్కకి లాగి వదలాలంటే 28 కిలోల తీగకి వేలు పెట్టాల్సిన బలం సుమారు కిలోన్నర. 20 కిలోల గట్ తీగకి ఒక కిలో. తాళంలో దెబ్బకి ఒక స్వరం చొప్పున, నిమిషానికి 120 దెబ్బల లయలో, అయిదు నిమిషాల పాట వాయిస్తే ఆరు వందల మీటులు. ప్రతి మీటుకీ అర కిలో తేడా అంటే సాయంత్రానికి చూపుడువేలు కణుపుకి ఆ సంగతి బాగా తెలుస్తుంది.

కాబట్టి ఏ తీగ మేలు అన్న ప్రశ్న అసలు కుడి చేతిదే. దానికి ఇంకో ముక్క చేర్చాలి: మీరు మీటుతారా, కమానుతో వాయిస్తారా, స్లాప్ (తీగని లాగి బోర్డు మీద కొట్టడం) చేస్తారా?

స్టీలు

సన్నగా ఉంటుంది, బ్రిడ్జి కిందికి దించుకోనిస్తుంది, శృతి నిలుపుతుంది, ఏళ్ళ తరబడి బతుకుతుంది. థొమాస్టిక్ వాళ్ళ స్పైరోకోర్ సెట్టుని ఎన్నో ఏళ్ళుగా తియ్యకుండా వాయించేవాళ్ళు కొల్లలు. కొత్తలో అది జివ్వుమంటూ చెవి కొరుకుతుంది. నెలలు గడిచేకొద్దీ ఆ లోహపు మోత తగ్గి అసలు స్వరం బయటికి వస్తుంది. మీటేవాళ్ళకి స్వరం సాగుతూ నిలబడుతుంది కాబట్టి గట్టిగా లాగాల్సిన పని ఉండదు. ఆంప్లిఫయర్ ఉంటే ఇంకా తక్కువ. ఇది కూడా హాయిలో ఒక భాగమే గానీ ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

కమాను ఎక్కువ వాడేవాళ్ళకి స్పైరోకోర్ కొంచెం పెంకి. పిరాస్ట్రో ఫ్లెక్సోకోర్ లాంటివి కమానుకి ఇట్టే పలుకుతాయి. మీటితే కాస్త ముద్దగా మోగుతాయి. డాడారియో వాళ్ళు హెలికోర్‌ని కమానుకి ఒక రకం, మీటడానికి ఒక రకం, రెండింటికీ నడిమధ్య ఒక రకంగా చేస్తారు. రెండు పనులూ చేసేవాళ్ళు ఆ మధ్య రకంతో మొదలుపెట్టడం మంచిది.

స్టీలు ఇష్టమే గానీ బిర్రుగా ఉందనిపిస్తే ఒక పాత చిట్కా ఉంది. సోలో వాయించేవాళ్ళు బేస్‌ని మామూలు శృతికన్నా ఒక పూర్తి స్వరం పైకి పెడతారు. వాళ్ళ కోసం చేసే సోలో తీగలు అందుకు తగ్గట్టు తేలిగ్గా ఉంటాయి. ఆ సోలో తీగలే కొని మామూలు ఇ-ఎ-డి-జి శృతికి దించితే, వాటి బిగువు సోలో శృతిలో ఉన్నదానికన్నా ఇరవై శాతం తగ్గుతుంది. స్థాయి కొంచెం తగ్గినా బిగువు అంతకు రెట్టింపు నిష్పత్తిలో తగ్గుతుంది కాబట్టి ఇది కుదురుతుంది. మొదటిసారి వేసినప్పుడు ఇ తీగ కాస్త జావగారినట్టు ఉంటుంది, అది మనసులో పెట్టుకోండి. నాకైతే పై మూడు తీగలకి ఈ చిట్కా నచ్చింది, ఇ కి నచ్చలేదు.

గట్

గొర్రె పేగుతో చేసే తీగ. ఇరవయ్యో శతాబ్దం నడిమి దాకా బేస్ అంటే ఇదే. ఉత్త పేగుతో చేసిన జి తీగ మందం రెండు మిల్లీమీటర్ల పైన ఉంటుంది, డి తీగ మూడుకి దగ్గరగా వస్తుంది. ఎ, ఇ తీగలకి సాధారణంగా పైన లోహం చుడతారు, లేకపోతే తాడంత లావవుతాయి. ఆ లావు వేలికొసకి హాయిగా ఉంటుంది. సన్నటి స్టీలు కోసినట్టు ఇది కొయ్యదు. "దుం" అని మోగి చప్పున ఆగుతుంది. స్లాప్ చేసేవాళ్ళు తీగని లాగి బోర్డు మీద కొడతారు కాబట్టి వాళ్ళకి దీన్ని మించింది లేదు. స్టీలు మీద రోజూ గంట స్లాప్ చేస్తే వేళ్ళకి పొక్కులు ఖాయం.

అయితే గట్‌కి నఖరాలు జాస్తి. గాలిలో తేమ మారితే శృతి మారుతుంది. పోగులు లేస్తాయి, వాటిని కత్తిరించాలి, అప్పుడప్పుడు నూనె రాయాలి. నట్ గాడీ, బ్రిడ్జి గాడీ వెడల్పు చేయించాలి. ఆ తర్వాత మళ్ళీ సన్నటి స్టీలుకి వెళ్ళాలంటే గాడిలో తీగ కదలాడుతుంది. అయస్కాంతపు పికప్ (మోతని ఆంప్లిఫయర్‌కి పంపే పరికరం) వాడుతుంటే ఉత్త పేగు దానికి వినబడదు, బ్రిడ్జికి తగిలించే, అదురుని పట్టే పీజో పికప్ కావాలి. పైగా నా కథలో చెప్పినట్టు ఎత్తు పెంచాలి. జి కింద 8-9 మిల్లీమీటర్లు మామూలే. తీగ మధ్యలో, అంటే పై స్థాయి మొదలయ్యే చోట, తక్కువ బిగువు వల్ల వచ్చిన లాభమంతా ఆ ఎత్తు మింగేసి పైన ఇంకొంచెం అడుగుతుంది. గట్ మెత్తన అనేవాళ్ళు అబద్ధం చెప్పడం లేదు, కుడి చేతి సంగతి చెబుతున్నారంతే.

నైలాన్ గురించి రెండు మాటలు. స్లాప్ కోసం గట్ అందుబాటులో లేనివాళ్ళు గడ్డి కోసే యంత్రంలో వాడే నైలాన్ తాడునే బేస్‌కి బిగించి వాయించారు, ఇప్పటికీ వాయిస్తున్నారు. వినడానికి వేళాకోళంగా ఉంటుంది గానీ స్లాప్‌కి నిజంగానే పలుకుతుంది, చేతికి వెన్నలా ఉంటుంది. కమాను పెడితే మాత్రం జారిపోతుంది. కమాను పట్టే ఉద్దేశం లేనివాళ్ళకే ఆ దారి.

సింథటిక్

లోపల సింథటిక్ పోగు, పైన లోహపు చుట్టు. గట్ లాంటి గొంతు, స్టీలు లాంటి నిలకడ కావాలనుకునేవాళ్ళ కోసం వచ్చినవి. పిరాస్ట్రో ఒబ్లిగాటో, ఇవా పిరాజ్జి, డాడారియో జైక్స్ ఈ కోవలోవే. వేలి కింద స్టీలుకన్నా కొంచెం లావుగా, మెత్తగా తగులుతాయి. కమానుకీ పలుకుతాయి. గట్‌కి కావాల్సినంత ఎత్తు అడగవు. చేతినొప్పి ఉండి, మీటడమూ కమానూ రెండూ కావాలనేవాళ్ళకి నేను మొదట చెప్పేది వీటి గురించే.

ఒక జాగ్రత్త: సింథటిక్ అని రాసి ఉండగానే మెత్తన అనుకోవద్దు. ఇవా పిరాజ్జి మామూలు రకం బిగువులో స్టీలుకి ఏమీ తీసిపోదు. దాంట్లోనే "వైఖ్" అని రాసిన రకం వేరు. అది జర్మన్ మాట, మెత్తన అని అర్థం. స్పైరోకోర్‌లోనూ అదే పేరుతో తేలిక రకం ఉంది. పేరు పక్కనున్న ఆ చిన్న మాట చూడకుండా కొని, మెత్తటి తీగలని చెప్పారే అని తిట్టుకున్నవాళ్ళని నేను చూశాను. అట్టపెట్టె మీదో, తయారీదారు పట్టికలోనో తీగ తీగకీ బిగువు కిలోల్లో రాసి ఉంటే, పొగడ్తలన్నీ వదిలేసి ఆ అంకె ఒక్కటి చదవండి. ఆ అంకె కూడా వాళ్ళు అనుకున్న తీగ పొడవుకే. మీ బేస్ 105 కి బదులు 110 సెంటీమీటర్లు ఉంటే అదే తీగ పది శాతం దాకా బిగువెక్కుతుంది.

మరి ఏది మేలు?

స్లాప్ మీ ప్రాణమైతే గట్, లేదా నైలాన్. రెండో ఆలోచన అక్కర్లేదు. వారమంతా కమానే అయితే మెత్తటి స్టీలు. మీటడమే ఎక్కువై, కుడి చెయ్యి మొరాయిస్తుంటే సింథటిక్‌లో తక్కువ బిగువున్నది. ఎడమ చెయ్యే మొరాయిస్తుంటే, ముందే చెప్పాను, స్టీలు ఉంచుకుని ఎత్తు దించండి, తర్వాత తేలిక రకం చూడండి. వేళ్ళు తిమ్మిరెక్కడం, రాత్రిపూట చెయ్యి మొద్దుబారడం లాంటివి ఉంటే తీగల దగ్గర కాదు, డాక్టరు దగ్గర ఆగాలి.

నాలుగూ ఒకే రకం ఉండాలన్న నియమమూ లేదు. జాజ్ బేస్ వాయించిన చార్లీ హేడెన్ లాంటి మహానుభావుడే పై స్వరాల రెండింటికి గట్, కింది రెండింటికి స్టీలు వేసుకుని వాయించాడు. అయితే పక్కపక్క తీగల బిగువు మరీ తేడాగా ఉంటే కమాను దాటేటప్పుడు చెయ్యి తడబడుతుంది, ఒక తీగ అరుస్తుంటే ఇంకోటి గొణుగుతుంది. మీటేవాళ్ళకి ఈ బాధ తక్కువ.

ఏవి వేసినా పాతవన్నీ ఒక్కసారి ఊడదీయకండి. లోపల నిలబెట్టిన సౌండ్‌పోస్ట్ పుల్ల జిగురుతో అతికించింది కాదు, తీగల ఒత్తిడి మీదే నిలబడుతుంది. ఒత్తిడి పోతే అదీ పడిపోతుంది. ఒకటి తీసి, ఒకటి వేసి, శృతికి దగ్గరగా తెచ్చి, అప్పుడు రెండోది. గాడుల్లో పెన్సిల్ ములుకుతో కాస్త రుద్దితే తీగ సాఫీగా జారుతుంది. శృతి చేసేటప్పుడు బ్రిడ్జి పైభాగం బోర్డు వైపు ఒరుగుతుంటుంది, మధ్యమధ్య చూసి నిటారుగా సర్దండి. కొత్త సెట్టు మీద మూడు నాలుగు వారాల ముందు తీర్పు చెప్పకపోవడం మంచిది.

నా బేస్ మీద ఇప్పుడు ఇ, ఎ తేలిక స్టీలు, డి, జి సింథటిక్. జి కింద అయిదున్నర మిల్లీమీటర్లు. బొటనవేలు మళ్ళీ గోల చెయ్యలేదు. ఆ గట్ సెట్టు చుట్ట చుట్టి డబ్బాలో పడేస్తే, స్లాప్ వాయించే స్నేహితుడొకడు చూసి, "ఇంత బంగారంలాంటి తీగలు ఇక్కడెందుకు పడున్నాయి?" అని పట్టుకుపోయాడు. ఇంకా వాటి మీదే వాయిస్తున్నాడు.