మర్యాద పాఠం: పుస్తకంలోంచా, మాటలోంచా?

ఇండోనేషియాలోని పశ్చిమ సుమత్రా మినాంగ్‌కబావు అనే జాతి ముస్లింల సీమ. అక్కడి చిన్న పిల్లలకు ఇస్లాం చెప్పే మర్యాదను రెండు రకాలుగా నేర్పొచ్చు.

పాఠ్యపుస్తకంతో అయితే అందరికీ ఒకే పాఠం, పరీక్ష పెట్టడమూ తేలిక. కానీ "పెద్దల్ని గౌరవించాలి" అని రాసి మార్కులు తెచ్చుకున్న పిల్లాడు ఇంట్లో తాత మీద అరవొచ్చు.

రెండోది అక్కడి ఆచారం, 'కాతో నాన్ అంపెక్', అంటే నాలుగు మాటతీరులు. పెద్దలతో ఎక్కే మాట, చిన్నవాళ్లతో దిగే మాట, తోటివాళ్లతో చదును మాట, వియ్యాలవారితో ఏటవాలు మాట, అంటే సూటిగా కాకుండా చెప్పడం. ఎంత చక్కటి పేర్లో! టీచర్ ఒకరిని తాతగా కూర్చోబెట్టి, ఇంకొకరిని మంచినీళ్లు అడగమంటే చాలు, పాఠం పిల్లల నోట్లోకే వస్తుంది. మన 'మీరు', 'నువ్వు' కూడా ఇలా అలవాటైనవే కదా.

నా ఓటు దీనికే. వేరే ప్రాంతం నుంచి వచ్చిన పిల్లలకు మాత్రం మొదట్లో పుస్తకమే ఆసరా.